స్టార్టప్ పాస్‌వర్డ్ పెడితే సిస్టమ్ సేఫేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా సర్వీసు కౌంటర్‌కు ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు వస్తారు, పెళ్లిళ్ల ఫొటోలు తీసే స్టూడియోవాళ్లు వస్తారు, జీఎస్టీ పని చూసేవాళ్లు, నిట్, కేయూ హాస్టల్ పిల్లలు వస్తారు. ఎవరి పని వాళ్లదే గానీ పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి అందరి డౌట్లూ అవే. ఒక్కొక్కరికి వాట్సాప్‌లో టైపు చేసే ఓపిక లేక అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. తాళాలు ఊడదీసే పద్ధతులు మాత్రం ఇక్కడ వెతకొద్దు. సొంతదారుకు తెలిసి ఉండాల్సినంత వరకే రాశాను.

## పెట్టే ముందు

ఆన్ చేయంగనే నల్ల స్క్రీన్ మీద అడిగే పాస్‌వర్డ్, విండోస్ అడిగే పాస్‌వర్డ్ ఒకటేనా?

రెండూ వేరు. కంపెనీ లోగో దగ్గరే ఆపేసి అడిగేది మదర్‌బోర్డులోని బయోస్. కొత్త సిస్టమ్‌లలో దాని అసలు పేరు యూఈఎఫ్ఐ, అయినా అందరం బయోస్ అనే అంటున్నాం. అందులోనూ రెండు రకాలున్నాయి. యూజర్ పాస్‌వర్డ్ లేదా పవర్ ఆన్ పాస్‌వర్డ్ కొట్టకపోతే సిస్టమ్ ముందుకే పోదు. అడ్మిన్ లేదా సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ బయోస్ సెట్టింగ్స్ మార్చబోతేనే అడుగుతుంది. ఫొటో, పేరు కనిపించాక అడిగేది విండోస్ ఖాతా పాస్‌వర్డ్. నీలం స్క్రీన్ మీద పిన్ గానీ 48 అంకెల కీ గానీ అడిగితే అది బిట్‌లాకర్, అంటే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే (కీ లేనిదే ఎవరూ చదవరాకుండా మార్చేసే) ఏర్పాటు. మాకు ఫోన్ చేసినప్పుడు ఏది అడుగుతోందో స్క్రీన్ ఫొటో తీసి పంపితే సగం పని అయిపోయినట్టే.

బయోస్ పాస్‌వర్డ్ పెడితె నా ఫైళ్లు ఇంకెవ్వరికీ దొరకవు గదా?

దొరుకుతాయి. బయోస్ పాస్‌వర్డ్ ఆపేది ఆ మదర్‌బోర్డు స్టార్ట్ కావడాన్నే. మీ ఫైళ్లు ఉండేది మదర్‌బోర్డులో కాదు, డిస్క్‌లో. డెస్క్‌టాప్‌లో హార్డ్‌డిస్క్‌కు నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ ఒక్క చిన్న స్క్రూ మీద నిలబడి ఉంటుంది. అది విప్పి, ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరికే యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో ల్యాప్‌టాప్‌కు గుచ్చితే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోలు పెన్‌డ్రైవ్ తెరిచినట్టు తెరుచుకుంటాయి. ఇంటి గేటుకు తాళం వేసి బీరువాను వాకిట్లో పెట్టినట్టు ఉంటుంది ఈ యవ్వారం.

అందుకే పాస్‌వర్డ్ గట్టిదా కాదా అని ఆలోచించే ముందు, మిషన్ ఎవరి చేతిలో ఎంతసేపు ఉంటుంది, వాళ్ల దగ్గర స్క్రూడ్రైవర్ ఉందా అని ఆలోచించాలి. మీరు చాయ్ తాగొచ్చేలోపు కుర్చీలో కూర్చునే పక్క సీటాయనను బయోస్ పాస్‌వర్డ్ ఆపుతుంది. రాత్రంతా మిషన్ దగ్గరుంచుకున్నవాడిని ఆపదు. వాడి చేతికి పోయినా ఫైళ్లు చదవరాకుండా ఉండాలంటే డిస్క్‌లోని సమాచారమే ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి.

మరి విండోస్ పాస్‌వర్డ్ ఉన్నది గదా, అదన్న ఆపదా?

ఎన్‌క్రిప్షన్ లేకపోతే అదీ ఆపదు. విండోస్ పాస్‌వర్డ్‌ను అడిగేది విండోసే. ఆ విండోస్‌ను స్టార్ట్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీది ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తో మిషన్ లేపితే అడిగేవాడే ఉండడు, ఫోల్డర్లన్నీ ఎదురుగా కనిపిస్తాయి. విండోస్ 98 రోజుల్లో పాస్‌వర్డ్ బాక్సులో ఎస్కేప్ కొడితే లోపలికి పోయేవాళ్లం. ఇప్పుడు అంత ఘోరం లేదు. సిస్టమ్ నడుస్తుండగా మీ ఖాతాలోకి వేరేవాళ్లు రాకుండా విండోస్ బాగానే చూసుకుంటుంది. కానీ ఆపి ఉన్న డిస్క్‌కు కాపలా దాని పని కాదు.

అట్లయితే బయోస్ పాస్‌వర్డ్ దండగేనా?

దండగ కాదు, దాని పని వేరే. నలుగురు వాడే సిస్టమ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ నుంచి బూట్ (స్టార్ట్) కాకుండా చేసి, నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచితే ఎవరూ పెన్‌డ్రైవ్ గుచ్చి వేరే సిస్టమ్‌తో లేపలేరు. డబ్బా విప్పితేనే ఏమన్నా చేయాలి, విప్పడం పదిమంది కళ్లలో పడుతుంది. ఇది మంచి లాభమే. రోజూ అడిగే పవర్ ఆన్ పాస్‌వర్డ్ మీద మాత్రం నాకు అంత ప్రేమ లేదు. అది దొంగను ఆపిన కేసుల కన్నా సొంతదారునే బయట నిలబెట్టిన కేసులు మా కౌంటర్‌కు ఎక్కువ వస్తాయి.

ఇన్ని చెప్తున్నరు, నాకు ఏది కావాల్నో మీరే చెప్పుండ్రి.

ల్యాప్‌టాప్ అయితే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి, రికవరీ కీ (ఇందాకటి 48 అంకెలు) కాగితం మీద దాచండి, మంచి విండోస్ పిన్ పెట్టుకోండి. నూటికి తొంభై మందికి ఇది చాలు. అమాంతం పోయినా బతికేలా ముందు బ్యాకప్ ఉండాలి, ఎందుకంటే ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ చెడిపోతే డేటా తీసి ఇచ్చే దారులు బాగా తగ్గిపోతాయి. షాపులో, ఆఫీసులో నలుగురు వాడే డెస్క్‌టాప్‌కు వీటితోపాటు బయోస్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా పెట్టండి. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో పాటలు, సినిమాలు తప్ప ఏమీ లేవా? ఏదీ పెట్టకండి, హాయిగా ఉండండి.

## పెట్టేటప్పుడు

నా ల్యాప్‌టాప్‌ల ఎన్‌క్రిప్షన్ ఇప్పటికే ఉన్నదా లేదా, ఎట్ల తెలుస్తది?

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లండి. డివైస్ ఎన్‌క్రిప్షన్ అని కనిపిస్తే అది ఆన్‌లో ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకు అక్కడే బిట్‌లాకర్ కూడా ఉంటుంది. దిస్ పీసీలో సీ డ్రైవ్ బొమ్మ మీద తాళం గుర్తు ఉన్నా ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టే. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్త ల్యాప్‌టాప్‌ను లేదా కొత్తగా విండోస్ వేసిన సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే ఎన్‌క్రిప్షన్ చాలావాటిలో దానంతటదే ఆన్ అవుతోంది. అంటే మీరు పెట్టకపోయినా ఉండొచ్చు. అది మంచిదే, కానీ కీ ఎక్కడుందో తెలియకపోతే రేపు మీకే ఇబ్బంది.

రికవరీ కీ ఎక్కడ దాచుకోవాలె?

ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రం కాదు. డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్ ఫైలులో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. తాళం పడ్డాక ఆ ఫైలు కూడా లోపలే ఉండిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఆన్ అయి ఉంటే కీ మామూలుగా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో అదే ఖాతాతో లాగిన్ అయి ఒకసారి చూసుకోండి. ఆ ఖాతాను షాపువాళ్లు తమ మెయిల్‌తో తెరిచి ఇచ్చి ఉంటే ఇవాళే మీ మెయిల్‌కు మార్చుకోండి, కీ వాళ్ల మెయిల్‌లోకి పోయి ఉంటుంది.

48 అంకెలనూ ప్రింట్ తీసి, ఇంటి పట్టాకాగితాలు ఉన్నచోటే పెట్టండి. స్క్రీన్ మీద కీతోపాటు వచ్చే ఐడీ కూడా రాసుకోండి. ఇంట్లో రెండు మూడు ల్యాప్‌టాప్‌లు ఉంటే ఏ కీ దేనిదో దానితోనే తెలుస్తుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా కొట్టి ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం స్క్రీన్‌లో పడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. రిపేర్ చేయడానికి ఒక ఫైలు తీసేస్తే చాలు, కానీ బిట్‌లాకర్ ఉన్న మిషన్లలో ఆ ఫైలు దాకా పోవాలంటే ముందు ఈ 48 అంకెలు కొట్టాల్సి వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలవాళ్లే ఆ రోజు కీల కోసం వెతుక్కున్నారు.

ఎన్‌క్రిప్ట్ అయితుంటె కరెంటు పోతె?

ఏమీ కాదు. కరెంటు వచ్చి సిస్టమ్ లేచాక ఆగినచోటు నుంచి బిట్‌లాకర్ మళ్లీ మొదలుపెడుతుంది. భయపడాల్సింది బయోస్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే. దానికి ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నింపి చార్జర్ పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉంటేనే చేయండి.

సిస్టమ్ స్లో అయితదట గదా?

గత పదేళ్లలో వచ్చిన చాలా ప్రాసెసర్లలో ఈ పనికోసమే ప్రత్యేక ఏర్పాటు ఉంది. బిల్లులు కొట్టడం, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు చేసుకునేవాళ్లకు తేడా తెలియదు. పెద్ద వీడియో ఫైళ్లు రోజంతా కాపీ చేసే స్టూడియోవాళ్లకు కొంత తెలియవచ్చు.

వేలిముద్ర పెట్టుకున్న, సాలదా?

వేలిముద్ర, ముఖం, పిన్ ఇవన్నీ విండోస్ లోపలికి తొందరగా వెళ్లే దారులు. డిస్క్ విప్పి వేరే మిషన్‌కు పెట్టినవాడిని వేలిముద్ర అడిగేవాళ్లు లేరు. కింద ఎన్‌క్రిప్షన్ ఉంటే వేలిముద్ర చక్కగా పనికొస్తుంది, లేకపోతే అది సౌకర్యం మాత్రమే. అన్నట్టు, ఈ విషయంలో మీ జేబులో ఉన్న ఫోన్ చాలా పాత ల్యాప్‌టాప్‌ల కన్నా నయం. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో మార్కెట్లోకి దిగిన ఫోన్లన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి.

బిట్‌లాకర్ పెట్టిన తర్వాత కూడా ఏమడగకుండ విండోస్ దాకా పోతున్నది. మరి తాళం ఉన్నట్టా లేనట్టా?

ఉన్నట్టే. మదర్‌బోర్డులో టీపీఎం అనే భాగం ఉంటుంది. బయోస్, బూట్ ఫైళ్లు ఎవరూ కదిలించలేదని సరిచూసుకుని కీని అదే ఇచ్చేస్తుంది. డిస్క్ విప్పి వేరే మిషన్‌లో పెడితే మాత్రం ఇవ్వదు, అక్కడ 48 అంకెలు కావాల్సిందే. మామూలు దొంగతనానికి ఇది సరిపోతుంది.

మొత్తం మిషనే దొరికి, పనితనం కూడా ఉన్నవాడి సంగతి వేరే. టీపీఎం విడి చిప్‌గా ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్‌లో, చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే కీని చౌకైన రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డుతో నిమిషంలోపే పట్టుకోవచ్చని 2024లో ఒక పరిశోధకుడు చేసి చూపించాడు. దానికి విరుగుడుగా స్టార్టప్‌లోనే బిట్‌లాకర్ పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు. పిన్ కొట్టేదాకా టీపీఎం నోరు విప్పదు. ఈ సదుపాయం హోమ్ ఎడిషన్‌లో లేదు, ప్రోలో గ్రూప్ పాలసీలోకి పోయి ఆన్ చేయాలి, పిన్‌కు కనీసం 6 అంకెలు కావాలి. నిజంగా పనికొచ్చే స్టార్టప్ పాస్‌వర్డ్ ఏదన్నా ఉందంటే నా లెక్కలో ఇదే. కాంట్రాక్టు టెండర్లు, రోగుల రికార్డులు, భూమి కాగితాలు ల్యాప్‌టాప్‌లో మోసుకుని తిరిగేవాళ్లు పెట్టుకోవడం మంచిది.

బయోస్‌ల హార్డ్‌డిస్క్ పాస్‌వర్డ్ అని ఇంకోటి కనిపిస్తున్నది, పెట్టాల్నా?

వద్దు అంటాను. అది డిస్క్‌లోనే కూర్చుంటుంది, వేరే మిషన్‌లో పెట్టినా అడుగుతుంది, ఆ మేరకు బయోస్ పాస్‌వర్డ్ కన్నా గట్టిదే. కానీ మర్చిపోతే రికవరీ కీ లాంటి వెనక దారి మీకు ఉండదు. కొన్ని ఎస్‌ఎస్‌డీల లేబుల్ మీద పీఎస్ఐడీ అని పొడుగాటి కోడ్ ఉంటుంది, దానితో డిస్క్‌ను మళ్లీ వాడుకోవచ్చు గానీ డేటా మొత్తం చెరిగిపోతుంది. అదే కాపలా బిట్‌లాకర్ ఇస్తుంటే ఈ తలనొప్పి ఎందుకు?

మా అడ్తి లెక్కలన్నీ ట్యాలీల ఉన్నయ్, దానికి పాస్‌వర్డ్ ఉన్నది. ఇంకేం కావాలె?

ట్యాలీలో ఏ పాస్‌వర్డ్ పెట్టారో చూసుకోండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అనేది ఎవరు ఏ బిల్లు మార్చొచ్చో చెప్పే ఏర్పాటు. ట్యాలీవాల్ట్ అనేది కంపెనీ డేటానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, జాబితాలో కంపెనీ పేరు కూడా చుక్కలుగా కనిపిస్తుంది. వాల్ట్ పాస్‌వర్డ్ మర్చిపోతే తీసి ఇచ్చేవాళ్లు లేరు. మిర్చి సీజన్ మధ్యలో వచ్చి బతిమాలితే నేను చేయగలిగింది పాత బ్యాకప్ ఉందా అని అడగడమే. గుమస్తా మారినప్పుడల్లా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో లెక్క చూసుకోండి. ఇంకో మాట. ఆడిటర్ పని కోసం కొన్న డిజిటల్ సంతకం డాంగిల్‌ను సిస్టమ్‌కు గుచ్చి వదిలేసి ఇంటికి పోతున్నారు. అది మీ సంతకం, గల్లాపెట్టెలో పెట్టి తాళం వేయండి.

కాలేజీ ల్యాబ్‌ల సిస్టమ్‌లు పిల్లలు ఆగం చేస్తున్నరు సార్, పాస్‌వర్డ్ పెడితె ఆగుతరా?

అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, బూట్ హార్డ్‌డిస్క్ నుంచి మాత్రమే అయ్యేలా చేస్తే చాలామంది ఆగుతారు. తర్వాత దారి డబ్బా విప్పడమే, ఎందుకంటే డెస్క్‌టాప్ బోర్డు మీద బయోస్ సెట్టింగ్స్ చెరిపేసే పిన్నులు ఉంటాయి. క్యాబినెట్ వెనక తాళం వేసుకునే కొక్కెం చాలావాటికి ఉంటుంది, ఎవరూ వాడరు. చిన్న తాళం కప్ప కొని వేయండి.

లినక్స్ ల్యాబ్ అయితే, సిస్టమ్‌ను లేపే గ్రబ్ అనే మెనూకు కూడా పాస్‌వర్డ్ కావాలి. అది లేకపోతే బూట్ లైన్‌కు నాలుగు అక్షరాలు తగిలించి పాస్‌వర్డ్ లేకుండానే రూట్‌గా, అంటే అన్ని హక్కులతో, దిగొచ్చని మూడో సంవత్సరం పిల్లలందరికీ తెలుసు. ఆ గ్రబ్ పాస్‌వర్డ్ కూడా దేవుడిచ్చిన వరమేమీ కాదు. 2015 డిసెంబరులో స్పెయిన్‌లోని వలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు, యూజర్‌నేమ్ అడిగేచోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు కొడితే పాస్‌వర్డ్ లేకుండానే ఆదేశాలు కొట్టగలిగే గ్రబ్ రెస్క్యూ షెల్ తెరుచుకుంటోందని బయటపెట్టారు. వెంటనే సరిచేశారు, కానీ అప్పటి నుంచి అప్‌డేట్ చేయని ల్యాబ్‌లో అది అట్లాగే ఉంటుంది.

ల్యాబ్ మిషన్‌లో దాచాల్సిన ఫైలు ఏదీ లేకుండా చూసుకోవడమే అసలు ఉపాయం. మార్కుల జాబితాలు, ప్రశ్నపత్రాలు అక్కడ ఉండొద్దు. ఒక మంచి ఇమేజ్ (మొత్తం సిస్టమ్‌కు కాపీ) దగ్గర పెట్టుకుంటే ఆగమైన సిస్టమ్‌ను గంటలో మళ్లీ నిలబెట్టొచ్చు.

మా పిల్లగాడు గేమ్‌లు ఆడకుండ బయోస్ పాస్‌వర్డ్ పెడితె?

కొన్నాళ్లు పనిచేస్తుంది. ఇంట్లో డెస్క్‌టాప్ అయితే, ఏ పిన్నులు కలిపితే పాస్‌వర్డ్ పోతుందో వాడు మీకన్నా ముందే యూట్యూబ్‌లో చూస్తాడు. వాడికి వేరే ఖాతా తెరిచి, మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో రోజుకు ఇంతసేపు అని పెట్టడం మేలు. పిన్నులు కలిపి పాస్‌వర్డ్ తీసేశాడంటే మాత్రం తిట్టకండి, మా దగ్గరికి పంపండి, పని నేర్పుతాం.

## మర్చిపోయినంక

డెస్క్‌టాప్ బయోస్ పాస్‌వర్డ్ మర్చిపోయిన. లోపలి సెల్ తీస్తె పోతదంటరు, నిజమేనా?

చాలా డెస్క్‌టాప్‌లలో నిజమే, పాతవాటిలో మరీను. సెట్టింగ్స్‌ను సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల సెల్ నిలబెడుతుంటుంది. కరెంటు వైరు పీకేసి సెల్ తీసి కాసేపు ఆగితే అవి చెరిగిపోతాయి. సెట్టింగ్స్ చెరపడానికి బోర్డు మీద ప్రత్యేకంగా పిన్నులు కూడా ఉంటాయి, ఎక్కడున్నాయో మీ బోర్డు మాన్యువల్‌లో చూడండి. ఆఫీసుల కోసం చేసిన కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో సెల్ తీస్తే టైమ్ మాత్రమే పోయి పాస్‌వర్డ్ మిగులుతుంది.

తీసే ముందు ఒక జాగ్రత్త. డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే, సెట్టింగ్స్ చెరిగాక టీపీఎం అనుమానపడి 48 అంకెల కీ అడుగుతుంది. కీ చేతిలో లేకుండా సెల్ ముట్టకండి. లేచిన తర్వాత తేదీ సరిచేసుకోండి, పాత తేదీతో ఉంటే బ్యాంకు వెబ్‌సైట్లు తెరుచుకోవు.

ల్యాప్‌టాప్‌కు కూడా సెల్ తీస్తె పోదా?

ఇప్పటివాటిలో పోదు. పాస్‌వర్డ్ కరెంటు అవసరం లేని చిప్‌లో రాసి ఉంటుంది, సెల్ తీసినా బ్యాటరీ తీసినా చెక్కుచెదరదు. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మదర్‌బోర్డు మార్చాల్సిందేనని లెనోవో మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు బిల్లు, గుర్తింపు చూపిస్తే తీసి ఇస్తాయి. కాబట్టి ముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోండి. గల్లీలో ఎవరో చిప్ ఊడదీసి మళ్లీ రాస్తానంటే బోర్డు పోయే పూచీ మీదేనని తెలుసుకుని ఇవ్వండి.

ఒక ఊరట ఉంది. డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్, వేరే పాస్‌వర్డ్ లేకపోతే, బోర్డు తాళం పడినా ఫైళ్లు మాత్రం బయటికి తీసుకోవచ్చు. దొంగకు పనికొచ్చే సందే ఇక్కడ మీకూ పనికొస్తుంది.

కరెక్ట్ పాస్‌వర్డే కొడుతున్న, తీసుకుంటలేదు.

క్యాప్స్‌లాక్, నమ్‌లాక్ చూడండి. బయోస్‌కు విండోస్‌లో పెట్టుకున్న తెలుగు కీబోర్డు తెలియదు, ఇంగ్లిష్ అమరికలోనే కొట్టాలి. వైర్‌లెస్ కీబోర్డు వదిలేసి వైరు కీబోర్డు పెట్టి చూడండి. ఊరికే పదేపదే కొట్టకండి, చాలా ల్యాప్‌టాప్‌లు మూడు తప్పులకు తాళం వేసుకుని కూర్చుంటాయి.

నేను ఏం పెట్టలేదు, పొద్దున లేపంగనే 48 అంకెల కీ అడుగుతున్నది. వైరసా?

వైరస్ కాకపోవచ్చు. బయోస్ అప్‌డేట్ అయినా, సెక్యూర్ బూట్ మారినా, మదర్‌బోర్డు మార్చినా ఎవరో ఏదో కదిలించారని టీపీఎం కీ ఇవ్వదు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి డివైసుల కింద రికవరీ కీలు చూడండి, స్క్రీన్ మీది ఐడీతో సరిపోయేది కొట్టండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ మీ ఐటీవాళ్ల దగ్గర ఉంటుంది, కాలేజీ మెయిల్‌తో మొదలుపెట్టి ఉంటే కాలేజీ ఖాతాలో ఉండొచ్చు. ఎక్కడా లేకపోతే డేటా పోయినట్టే. నేను గానీ, హైదరాబాద్‌లో ఇంకెవరు గానీ, మైక్రోసాఫ్ట్ గానీ తీయలేరు. తీస్తాం, ముందు డబ్బులు ఇవ్వండి అన్నవాడిని నమ్మకండి. విండోస్ మళ్లీ వేసుకుని ల్యాప్‌టాప్ వాడుకోవచ్చు, ఫైళ్లు మాత్రం రావు.

మా సోపతిగాని ల్యాప్‌టాప్, వానికి పాస్‌వర్డ్ యాదికి లేదట. తీసిస్తరా?

సోపతిగాడినే బిల్లుతో రమ్మనండి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. భార్య ఫోన్, తమ్ముడి ల్యాప్‌టాప్ అయినా మా జవాబు ఇదే.

## చేతులు మారేటప్పుడు

రిపేర్‌కు ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చెప్పాల్నా?

ర్యామ్, ఫ్యాన్, కీబోర్డు, బ్యాటరీ, డిస్‌ప్లే పనులకు అవసరం లేదు, బయోస్ దాకా పోయినా పరీక్ష అయిపోతుంది. విండోస్‌లోనే సమస్య ఉంటే కొత్త ఖాతా ఒకటి తెరిచి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ వేయాలంటే ఆ ఖాతాకు అడ్మిన్ హక్కు కావాలి, అడ్మిన్ హక్కు ఉన్నవాడు మీ ఫోల్డర్లు చూడగలడు. దాచాల్సినవి ఉంటే ఆ పని ఎదురుగా కూర్చుని చేయించుకోండి. ఎస్‌ఎస్‌డీ విడిగా ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాన్ని విప్పి మీ జేబులో వేసుకుని మిషన్ ఒక్కటే ఇవ్వమంటాను. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు. అందరికీ వాడే ఒకే పాస్‌వర్డ్‌ను జాబ్ కార్డు మీద రాసి ఇస్తుంటారు చూడండి, ఆ కార్డులు కౌంటర్ మీద రోజంతా పడి ఉంటాయి. మా కౌంటర్ మీదైనా అంతే.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్న, ఏం చూడాలె?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఇక్కడే తెలిసినవాళ్ల దగ్గర కొన్నా డబ్బు ఇచ్చే ముందు రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి పోండి. మోడల్‌ను బట్టి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ కీ. పాస్‌వర్డ్ అడిగితే, తర్వాత చెప్తా అన్నా కొనకండి. ఆ తర్వాత నెట్ కలిపి విండోస్ రీసెట్ చేయించండి. మొదటి స్క్రీన్‌లలో ఏదైనా కంపెనీ పేరు చూపించి వాళ్ల మెయిల్ అడిగితే ఆ మిషన్ ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉన్నట్టు. మ్యాక్ అయితే యాక్టివేషన్ లాక్, అంటే పాత సొంతదారు యాపిల్ ఖాతా తాళం, ఉందేమో చూడండి.

నెట్ సెంటర్‌ల, జిరాక్స్ షాపుల పాస్‌వర్డ్ కొట్టొచ్చా?

బ్యాంకుది కొట్టొద్దు. కీబోర్డు వైరుకు, సీపీయూకు మధ్య వేలి గోరంత డబ్బా గుచ్చితే కొట్టిన ప్రతి అక్షరం అందులో పడుతుంది, ఏ యాంటీవైరసూ దాన్ని పట్టలేదు. షాపాయన మంచివాడే కావచ్చు, ముందు కూర్చుని వెళ్లినవాడు ఎవరో ఆయనకూ తెలియదు. అప్లికేషన్ పెట్టాల్సి వస్తే ఓటీపీ ఉన్న లాగిన్ వాడి, పని కాగానే లాగవుట్ కొట్టి, స్కాన్ చేసిన ఆధార్ ఫైలును డౌన్‌లోడ్స్ నుంచి తీసేయించండి. రీసైకిల్ బిన్ కూడా.

మూత మూస్తె సాలదా, పూరాగ ఆపాల్నా?

ఇంట్లో మూత మూస్తే చాలు. కాజీపేటలో రైలెక్కేటప్పుడు, హాస్టల్ నుంచి ఊరికి పోయేటప్పుడు పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్లీప్‌లో ఉన్న మిషన్ మెమరీలో ఎన్‌క్రిప్షన్ కీ అలాగే ఉంటుంది. కరెంటు తీసేసిన తర్వాత కూడా మెమరీ చిప్‌లలో సమాచారం కొద్దిసేపు నిలుస్తుందని, చిప్‌లను చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. మామూలు దొంగ ఇంత తిప్పలు పడడు. కానీ షట్‌డౌన్‌కు అయ్యే ఖర్చు పది సెకన్లే.

## పోయినంక, అమ్మేటప్పుడు

ల్యాప్‌టాప్ పోయింది. ముందు ఏం చేయాలె?

ఫోన్ తీసి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైసుల నుంచి సైన్ అవుట్ కొట్టండి. మెయిల్ చేతిలో ఉంటే మిగతావన్నీ తెరుచుకుంటాయి కాబట్టి అదే మొదలు. తర్వాత వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌కు పోయి ఆ ల్యాప్‌టాప్‌ను తీసేయండి, బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, రైల్లో పోతే రైల్వే పోలీసులకు ఇవ్వండి. దానికి సీరియల్ నంబర్ కావాలి, అది బిల్లు మీద, అట్టపెట్టె మీద ఉంటుంది. పెట్టె పారేసేవాళ్లు ఇవాళే ల్యాప్‌టాప్ తిప్పి అడుగున ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ పోర్టల్ ఐఎంఈఐ నంబర్‌తో నడుస్తుంది, సిమ్ లేని ల్యాప్‌టాప్‌కు ఆ నంబరే ఉండదు.

అమ్ముతున్న, ఫార్మాట్ కొడితె సాలు గదా?

క్విక్ ఫార్మాట్ చాలదు, ఫైళ్లు డిస్క్‌లో అలాగే ఉంటాయి. మామూలు హార్డ్‌డిస్క్‌కు క్విక్ టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ ఒక్కసారి కొట్టండి. విస్టా నుంచి విండోస్ ఫుల్ ఫార్మాట్‌లో మొత్తం సున్నాలు రాస్తుంది. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే రీసెట్‌లో రిమూవ్ ఎవ్రీథింగ్, ఆ లోపల క్లీన్ డేటా ఎంచుకోండి. మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకా సులువు, కీ చెరిగాక మిగిలిన అక్షరాలను ఎవరూ చదవలేరు. బయోస్ పాస్‌వర్డ్ తీసేసి ఇవ్వండి, లేకపోతే కొన్నవాళ్లు మీకు ఫోన్ చేస్తూనే ఉంటారు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ డివైస్‌ను తొలగించండి. డిస్క్ పూర్తిగా చచ్చిపోయి పాత సామాన్లవాడికి వేస్తుంటే, హార్డ్‌డిస్క్ పళ్లేనికి డ్రిల్‌తో రెండు మూడు చిల్లులు పెట్టండి. ఎస్‌ఎస్‌డీ అయితే చిల్లు కాదు, మీద ఉన్న ఒక్కో నల్ల చిప్‌నూ పగలగొట్టాలి.